అధికారమును కోరు స్వేచ్ఛావాది

ప్రభుత్వాధికారము మిక్కిలి మితముగా నుండవలెనని వాదించువారిని స్వేచ్ఛావాదులందురు. జనులను దొంగలనుండియు శత్రువులనుండియు రక్షించుట, ఒడంబడికలను నిలుపుట, ఇంతకు మించిన పనులు ప్రభుత్వమునకు వలదని వీరిలో ననేకుల మతము. అట్టివాడు శాసనసభలో స్థానమునకై యోట్లడుగవచ్చినప్పుడు వినువారికి నవ్వు రాకమానదు. కల్లు మానుమని బోధించువానికి కల్లుపాక గుత్త యేల యని యడుగుదురు. ఈ యాక్షేపణ పరిహాసముగా గన్పట్టినను దీనిలో ధర్మప్రశ్న మొకటి కలదు. ఏ యధికారమును తగ్గింపదలచితిమో దానినే కోరుట న్యాయమా?

ఈ విచారమునకు అమెరికా దేశీయుడగు రాన్ పాల్ చరిత్రము తోడ్పడును. ఇతడు 1935లో పిట్స్‌బర్గు నగరమున జన్మించెను. వైమానిక దళమున వైద్యుడుగా గొంతకాలము పనిచేసి, పిమ్మట టెక్సాసు రాష్ట్రమున కాన్పుల వైద్యమును వృత్తిగా గైకొనెను. నాలుగువేలకు పైగా శిశువులకు పురుడు పోసెనని ప్రతీతి. ఇట్టివాని కెన్నికల గొడవ యేల? 1971 ఆగస్టు 15వ తేదీన అధ్యక్షుడగు నిక్సన్, విదేశ ప్రభుత్వములు డాలర్లిచ్చి బంగారము పుచ్చుకొను నేర్పాటును నిలిపివేసెను. ఈ ముడి తెగినచో ప్రభుత్వము నోట్లను ఇచ్చవచ్చినట్లు పెంచుననియు, నోట్లు పెరిగినకొలది కష్టించి కూడబెట్టినవాని సొమ్మునకు విలువ తగ్గుననియు, ఇది పేరులేని పన్ననియు నితడు తలచెను. 1974లో పోటీచేసి యోడి, 1976లో ప్రతినిధిసభలో ప్రవేశించెను. 1988లో స్వేచ్ఛావాదుల పక్షమున అధ్యక్షపదవికి నిలిచి, నాలుగులక్షల చిల్లర యోట్లను మాత్రమే పొందెను. సభ్యులకు రాదగిన పింఛనును నిరాకరించెను.

ఇంగ్లండులో ఆబరన్ హెర్బర్టు (1838-1906) త్రోవ వేఱు. ప్రభువంశమున బుట్టిన యితడు 1870లో నాటింగ్‌హామునుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. హెర్బర్టు స్పెన్సరుతో పరిచయము కలిగి, బలవంతముచే జనులకు మేలు చేయజాలమని నిశ్చయించి, 1874 ఎన్నికలలో నిలువక విరమించెను. పన్నులు సైతము ఇష్టపూర్వకముగా నీయదగినవేయని తుదివఱకు వాదించెను.

వీరిలో నెవరు ధన్యులు? హెర్బర్టు మనస్సాక్షి నిర్మలమైనది. కాని యతడు విడిచిన పీఠము ఖాళీగా నుండలేదు. మఱియొకడు దానిపై గూర్చుండెను. మన యిండ్లనే చూడుడు. ఆస్తియు, చదువును, వివాహమును యజమాని చేతిలోనున్న కుటుంబమున, ఆడుబిడ్డలకు స్వాతంత్ర్యమీయదలచిన పెద్ద సన్న్యసించి వెడలిపోయిన నేమి లాభము? తాళపుచెవులు మొండివాని మొలకు జేరును. కావున అధికారమును సడలింపగోరువాడు దానిని చేపట్టుట దోషము కాదు.

అయినను లోన ప్రవేశించినవాని కపాయము కలదు. రాన్ పాల్ తన నియోజకవర్గమునకు గావలసిన పనులకై వ్యయపు బిల్లులలో ధనము చేర్పించి, పిమ్మట నా బిల్లులకే వ్యతిరేకముగా నోటు వేయుచుండెడివాడు. జనులనుండి తీసిన సొమ్మును జనులకే మరల్చుచున్నానని యతని సమాధానము. ఇది నాకు తృప్తి గొలుపలేదు. బిల్లు నెగ్గునని యెఱిగియే కాదనుటలో ఖర్చులేని ధర్మమున్నది. ధనమును దక్కును, కీర్తియు దక్కును.

స్వేచ్ఛావాదులు మఱచు విషయము వేఱొకటి కలదు. ప్రభుత్వముయొక్క చేయి మాత్రమే జనుల మెడపై నుండునని తలచుట సరికాదు. తండ్రి చేయి, కులము చేయి, షాహుకారు చేయి యుండవా? బాలికల వివాహమునకు పదునాలుగేండ్ల మితి నేర్పఱచిన 1929 నాటి శారదా చట్టము నిర్బంధమే. కాని యది నిర్బంధించినది తండ్రిని. విడుదల నుద్దేశించినది బిడ్డకు. బడిపంతులనగు నాకు, పిల్లవానిని గేదెలవెంట బంపు తండ్రి స్వేచ్ఛకంటె, పలక పట్టగోరు పిల్లవాని స్వేచ్ఛయే పెద్దదిగా దోచును.

కావున ఓటడుగవచ్చిన స్వేచ్ఛావాదిని రెండు ప్రశ్నములడుగుదము. అయ్యా, మీరు తొలగింపదలచిన బరువు ఎవరి మెడపైనిది? అది తొలగినచో మీకు గలుగు నష్టమేమి? మొదటిదానికి బలహీనులను జూపి, రెండవదానికి తన లాభమును వదలి చూపగలిగినవానికి మన యోటు నిస్సంకోచముగా నీయవచ్చును. ఈ ప్రశ్నములనే యింటి యజమానులు తమ్ముదామును అడిగికొనుట యుక్తము.