కాపలా కాసే వాళ్ళు

మన ప్రాంతపు హాకీ వాళ్ళలో ఎవరు గొప్ప? మావారిది ముఖేష్ కుమార్ పక్షం. ఆ హైదరాబాదీ 1992, 1996, 2000 – మూడు ఒలింపిక్స్‌లో ఆడాడు. కాదనడానికి నేనెవర్ని?

అయినా నా ఓటు రజనికే. అప్పటి చిత్తూరు జిల్లా పల్లెలో ఓ వడ్రంగి కూతురు, గోల్‌కీపరు. 2021లో టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్ళి రిజర్వుగానే ఉండిపోయింది. గోలు కొడితే చప్పట్లు, ఆపితే మరుక్షణం మరుపు! పాలు పొంగిన రోజే కదండీ ఇంట్లో కేకలు? పొంగకుండా కాసిన రోజులు ఎవరి లెక్కలో ఉన్నాయి? ఇక ఆ కాపలా వంతైనా రాకపోతే? పిలుపు రాదేమోనని తెలిసీ, పొద్దున్నే లేచి సాధన మానని మనిషిని ఏ పతకంతో తూస్తాం? మీరే చెప్పండి.