పై చెయ్యి, కింద చెయ్యి

వామనుడు మూడడుగుల నేల అడిగినప్పుడు, వచ్చినవాడు మామూలు బ్రహ్మచారి కాడు, ఇవ్వకు నాయనా అని శుక్రాచార్యులు మొత్తుకుంటాడు. బలి వినడు. పోతనగారి భాగవతంలో బలి చెప్పే కారణాల్లో ఒకటి నాకెప్పుడూ గుచ్చుకుంటూనే ఉంటుంది. అంతటివాడి చెయ్యి కిందా, తన చెయ్యి పైనా ఉండబోతోందన్న సంబరం అది. రాజ్యం పోతుందని తెలుసు. అయినా ఆ ఒక్క క్షణం చాలట! దానం పేరు చెబితే ముందు గుర్తొచ్చే మహానుభావుడి మనసులోనే ఇంత ముల్లు ఉంటే, ఇక మనబోటివాళ్ళ సంగతి చెప్పాలా?

అసలు మన భాషలో "పైచెయ్యి" అంటే ఏమిటో చూడండి. గెలుపు, ఆధిక్యం. ఇచ్చే చెయ్యి పైనే ఉంటుంది కాబట్టి ఇచ్చినవాడు గెలిచినట్టు, పుచ్చుకున్నవాడు ఓడినట్టు మనకి తెలియకుండానే లెక్క వేసేస్తాం. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయిస్తారు కదా, ఫ్యాను తిరుగుతుంటే ఆ పేరు చదవడానికి వీలుండదు. కరెంటు పోతే తప్ప దాతగారికి పూర్తి పుణ్యం దక్కదన్నమాట. కుడిచేత్తో చేసిన ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రసంగాలు జరిగే చర్చిలోనూ బల్లల వీపుల మీద పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఈ విషయంలో అన్ని మతాలవాళ్ళమూ అన్నదమ్ములమే.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, పుచ్చుకునే వాళ్ళకి ఇది నవ్వులాట కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్యానవనం అన్న మాటలోంచే ఉద్దానం అన్న పేరు వచ్చిందంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఆ ఒక్క పూటలో ఆ తోటలన్నీ నేలకొరిగాయి. కొత్తగా నాటిన కొబ్బరిమొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అంతదాకా ఏం తినాలి? ఊళ్ళలోకి లారీలొచ్చాయి. గుడి కమిటీలవాళ్ళు, చర్చిలవాళ్ళు, కుర్రాళ్ళ సంఘాలవాళ్ళు బియ్యం, దుప్పట్లు తెచ్చారు. మంచి మనసుతోనే తెచ్చారు.

ఒక ఊళ్ళో వరసలో నిలబడిన ముసలామెను చూశాను. బియ్యం సంచీ అందుకుంది, ఇచ్చిన అమ్మాయి చెయ్యి మాత్రం వదల్లేదు. "ఉండమ్మా, ఉట్టినే పుచ్చుకోడానికి నానేటి ముష్టిదాన్నా? చెట్టు పడిపోనాది గానీ కాయలున్నాయి కదా!" అంటూ ఇంట్లోకి వెళ్ళి రెండు కొబ్బరికాయలు తెచ్చింది. ఆ అమ్మాయి కంగారుపడి "వద్దు మామ్మా, మేం తీసుకోకూడదు" అంది. ముసలామె ముఖం చిన్నబోయింది. పక్కనున్న పెద్దాయన "పుచ్చుకో అమ్మా" అన్నాక గాని ఆమె కుదుటపడలేదు.

తీసుకోకపోవడం కూడా ఒక రకం పైచెయ్యేనని నాకు అప్పుడే తోచింది.

మిషనరీల సంగతి ఆలోచించినప్పుడు ఈ కొబ్బరికాయలే గుర్తొస్తాయి. మన శ్రీకాకుళం జిల్లాలో చర్చి అంటే ముందు చెప్పుకోవలసింది కెనడా బాప్టిస్టు మిషను పేరు. అప్పటి చికాకోలులోనూ, టెక్కలిలోనూ వాళ్ళ కేంద్రాలుండేవి. దొరలు డబ్బున్న దేశం నించి వచ్చారు, మన పేదలకి పంచిపెట్టారు అని మనవాళ్ళ అభిప్రాయం. ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో చూస్తే కథ మారిపోతుంది.

నోవా స్కోషియాలో కాన్సో అని ఒక రేవుపట్నం. చేపల వేటే అక్కడి బతుకు. హానా మరియా నోరిస్ అనే అవివాహిత బర్మా వెళ్ళి పనిచేస్తానంటే, పంపడానికి డబ్బు లేదన్నారు మిషను పెద్దలు. ఆవిడ ఊరుకోలేదు. 1870లో కాన్సోలో ఆడవాళ్ళ సంఘం ఒకటి పెట్టింది. ఆ వేసవిలోనే ఊరూరూ తిరిగి ముప్ఫైకి పైగా సంఘాలు పెట్టి, అదే ఏడాది బయల్దేరింది. 1875లో ఆ తీరం మిషనరీలు మన తెలుగు ప్రాంతానికి వచ్చినప్పుడు ఆవిడా వాళ్ళలో ఉంది. అంటే చికాకోలు చర్చి పునాదుల్లో పడింది జమీందార్ల సొమ్ము కాదు, పల్లెల ఆడవాళ్ళు ఇంటిఖర్చులో మిగిల్చి దాచిన చిల్లర. వాళ్ళూ మన భావనపాడు, బారువ ఆడవాళ్ళలాగే సముద్రం కేసి చూస్తూ మగవాళ్ళ పడవల కోసం ఎదురుచూసినవాళ్ళే.

అయితే మరి మతం మాటో? వైద్యం చేసి, చదువు చెప్పి, వెనకాల మతం పుచ్చుకోమంటే అది దానమెలా అవుతుంది? గాంధీగారు ఈ ప్రశ్న మిషనరీలను మొహం మీదే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాని అదే ప్రశ్న మనల్ని మనం కూడా వేసుకోవాలి కదా! పుణ్యం కోసం అన్నదానం చేసినవాడు పై లోకంలో ఖాతా తెరిచినట్టే. ఓటు కోసం చీర పంచినవాడి సంగతి సరేసరి. ఏ దానానికీ దారం కట్టి ఉండదని నేననుకోను. చూడవలసింది ఆ దారం ఎవరి చేతిలో ఉందనేది. "నీ దేవుడు నాకొద్దు" అన్నవాడికి కూడా అదే మందు, అంతే ఓపికతో ఇస్తే అది సేవ. "వద్దు" అన్నవాడికి మందు ఆగిపోతే అది బేరం. ఈ కొలత చర్చికీ, గుడికీ, సర్కారుకీ ఒకటే.

ఇంకో కొలత కూడా ఉంది. పుచ్చుకున్నవాడికి ఇచ్చే వంతు ఎప్పుడైనా వస్తుందా?

చాలా చర్చిల్లో ఆడవాళ్ళు అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం తీసుకెళ్ళి ఇస్తారు. మిజోరంలో ఈ పద్ధతి 1910లో మొదలైందట. పిడికెడు తగ్గినందుకు ఇంట్లో ఎవరూ పస్తుండరు, పిడికెడు కూడా ఇవ్వలేని ఇల్లూ అరుదే. కోతల పండుగ వస్తే మరీ సరదా. ఒకావిడ పెరటి గుమ్మడికాయ, ఇంకొకావిడ కోడిపెట్ట తెస్తారు. ప్రార్థన అయ్యాక వేలం పాట. నలభై రూపాయల గుమ్మడికాయ నాలుగొందలకి పోతుంది. కొన్నది ఉద్యోగస్తుడే కావచ్చు, పదిమందీ తిరిగి చూసేది మాత్రం గుమ్మడికాయ తెచ్చినావిడ వైపే. గుళ్ళో రెండే రెండు కాసులు వేసిన పేద విధవరాలే అందరికంటే ఎక్కువ ఇచ్చిందని ఏసు చెప్పిన లెక్క ఇక్కడ కళ్ళకు కట్టినట్టుంటుంది.

1903లో నెల్లూరు నించి జాన్ రంగయ్య అనే తెలుగాయన, చెరుకుతోటల కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ కోసం దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళాడు. ఆయన్ని పంపింది దొరలు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత సంఘం. నిన్నటిదాకా చెయ్యి చాచిన సంఘం ఓడెక్కించి మనిషిని పంపింది.

మరి ఇచ్చేవాళ్ళ సంగతేమిటి? మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ గురించి ఒక లెక్క చెబుతారు. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో గడుపుకుని 2 ఇచ్చేశాడట. మరుసటేడు 60 వస్తే, 28తోనే గడిపి 32 ఇచ్చాడట. ఎంత ఇచ్చాడన్నది కాదు నాకు నచ్చింది, 28 దగ్గర ఆగిపోయాడే, అది! రాబడి పెరిగినకొద్దీ మనం మేడ ఎక్కుతూ కిందివాళ్ళకి విసురుతాం. ఆయన నేలమీదే నిలబడి చేతికి అందించాడు.

ఇన్ని ధర్మసూక్ష్మాలు వింటూ కూచుంటే ఆకలి ఆగుతుందా అని మీరడగొచ్చు. నిజమే, ఆగదు. ఉద్దానంలో ఎన్నో ఏళ్ళుగా మూత్రపిండాల జబ్బు ఇళ్ళకి ఇళ్ళనే కుంగదీస్తోంది. వారంలో రెండు మూడు సార్లు డయాలసిస్‌కి వెళ్ళే మనిషి ముందు, ఇచ్చే చెయ్యి పైనా కిందా అని చర్చ పెట్టడం పాపం. ముందు ఆటో కిరాయి ఇవ్వాలి. కాని ఒకటి మాత్రం మరిచిపోకూడదు. మంచినీళ్ళూ వైద్యమూ ఎప్పటికీ ధర్మంగా పెట్టే వస్తువులు కావు. హిరమండలం జలాశయం నీళ్ళు ఈ ఊళ్ళకి మళ్ళించినా, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభించినా, దానికెవరూ చేతులు జోడించనక్కర్లేదు. అది హక్కు. హక్కుగా రావలసినదాన్ని దానంగా ఇచ్చి దండలు వేయించుకోవడం బలి చక్రవర్తి కూడా చెయ్యలేదు.

మన ఊళ్ళలో ఈ చిక్కు ఏనాడో విడదీసినవాడొకడున్నాడు. సంక్రాంతి నెలలో వచ్చే హరిదాసు చెయ్యి చాచడు. పాత్ర నెత్తిమీద ఉంటుంది. పిల్లలు గుప్పెడు బియ్యం పట్టుకెళితే వంగుతాడు, బియ్యం పడగానే లేచి పాడుకుంటూ వెళ్ళిపోతాడు. పాట ఆయనిచ్చాడు, బియ్యం మనమిచ్చాం. వీళ్ళలో దాత ఎవరో చెప్పండి చూద్దాం!