టేబుల్‌కి ఎటువైపు?

బీటెక్ ఫస్టియర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మినీ డ్రాఫ్టర్ మోసుకుంటూ తిరగడం, ఒకే దిమ్మెని ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి మూడు బొమ్మలుగా గీయడం. చాలా ఏళ్ల తర్వాత క్యూబిస్టు స్టిల్ లైఫ్‌లు చూసినప్పుడు నాకు మొదట ఆ షీట్లే గుర్తొచ్చాయి. గ్లాసు మూతి పైనుంచి, గోడ పక్కనుంచి. ఎవరో మూడు వ్యూలనీ కత్తిరించి ఒకదానిమీద ఒకటి పడేసినట్టు.

అది సగమే నిజం. డ్రాయింగ్ షీట్ చూసి దిమ్మెని మళ్లీ తయారు చేయొచ్చు. క్యూబిస్టు బొమ్మ చూసి గ్లాసు తయారు చేయలేం. అది కొలతల కోసం గీసింది కాదు. 15వ శతాబ్దం నుంచి యూరప్ నమ్ముకున్న పర్‌స్పెక్టివ్‌లో చూసేవాడికి ఒకటే కన్ను, అదీ కదలదు. బొమ్మలోని చోటంతా ఆ కన్ను కోసమే సర్దుకుని ఉంటుంది. పికాసో, బ్రాక్ ఆ కన్నుని కుర్చీలోంచి లేపారు. బ్రాక్ అయితే వస్తువులకీ వస్తువులకీ మధ్య ఉన్న ఖాళీని కూడా చేత్తో తడిమి చూడగలిగినట్టు గీశాడు.

మా తాడేపల్లి వాళ్లకి ఇదంత వింతగా అనిపించకూడదు. ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభుడు ఐదు మీటర్లకి పైనే ఉంటాడు. ఆ చీకట్లో ఒక్కచోట నిలబడితే తలా పాదాలూ ఒకేలా కనపడవు. నడవాలి. మనం 'చూశాం' అనుకునేది ఆ నడకలో పోగైన ముక్కల్నే.

ఇక్కడిదాకా బానే ఉంది. అన్ని వైపుల నుంచీ చూడటం మంచి గుణం అనుకుంటూ నేనూ కొన్నేళ్లు బతికేశాను.

పోయినేడాది మా ఇంట్లో అరెకరం పంపకం మాట వచ్చింది. తాత నుంచి వచ్చిన చెక్క. అక్క తన వాటా అడిగింది. పెళ్లికి ఇచ్చాం కదా అన్నాడు నాన్న. అమ్మ ఏమీ అనలేదు. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నాన్న బాధ ఇదీ, అక్క అవసరం ఇదీ, ఊళ్లో పద్ధతి ఇదీ అని చాలా సమతూకంగా చెప్పుకొచ్చాను. అక్క అంతా విని, "అందరి వైపు నుంచీ చెప్పావు, బానే ఉందిరా. నువ్వెటువైపు కూర్చుని చెప్తున్నావో అది చెప్పలేదు" అంది.

ఆ వాటా తనకి వెళ్లకపోతే వచ్చేది నాకే.

అప్పటి నుంచీ పికాసో 1912లో చేసిన 'కుర్చీ పేముతో స్టిల్ లైఫ్' నన్ను వదలట్లేదు. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, కోడిగుడ్డు ఆకారం. పైపు, గ్లాసు, కత్తి, నిమ్మ చెక్క, పేపర్ పేరులోంచి మూడక్షరాలు. అన్నీ ముక్కలై ఒకదాన్లోకి ఒకటి జారుతుంటాయి. కింద కుర్చీ పేము అల్లిక మాత్రం అచ్చు నిజంలా ఉంటుంది. అదే అబద్ధం. మన ఇళ్లలో డైనింగ్ టేబుల్ మీద పరిచే పూల కవర్ లాంటి ఆయిల్ క్లాత్ మీద అచ్చేసిన డిజైన్. చుట్టూ ఉన్నది మాత్రం నిజం తాడు. గీసింది కాదు, కట్టింది.

చూపులు ఎన్నయినా ఉండొచ్చు, ఆ బొమ్మ అంచు మాత్రం ఒక్కటే. మా ఇంట్లో ఆ తాడు చట్టం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సవరణతో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అక్క పెళ్లి ఆ రెండింటి తర్వాతే. నేను చెప్పిన 'కోణాల్లో' ఇది కూడా ఒకటిగా, మిగతావాటి పక్కన, అంతే సైజులో పెట్టాను. నా అబద్ధం అక్కడుంది. ఒక్క మాటా తప్పు చెప్పలేదు, సైజులే మార్చాను.

క్యూబిజం 'ఎవరి సత్యం వాళ్లది' అంటుందని కొందరు తేలిగ్గా రాసేస్తుంటారు. నాకలా అనిపించదు. ఒక చోట కూర్చున్నవాడికి ఏం కనపడదో ఆ బొమ్మలు చెప్తాయి. అంతేగానీ ఎక్కడా కూర్చోకుండా చూడొచ్చని చెప్పవు. పర్‌స్పెక్టివ్ గీసినవాడు కనీసం తన కన్ను ఎక్కడుందో దాచలేడు, గీతలే పట్టిచ్చేస్తాయి. నాలాంటి 'అన్ని వైపులా చూసేవాళ్లు' ఆ పాటి ఆధారం కూడా మిగల్చరు.

పోయిన నెల నాన్నతో మాట్లాడాను. ఈసారి, ఇందులో నాకు లాభముంది అని చెప్పి మరీ మొదలుపెట్టాను. ఇంకా ఏదీ తేలలేదు. అక్క మాత్రం నిన్న ఫోన్ ఎత్తింది.