తగ్గినది దూరమా, కాలమా?

చెన్నపట్టణమునకును కాశికిని ఆకాశమార్గమున సుమారు 1,400 కిలోమీటర్ల దూరము కలదు. నేరుగా పోవు విమానము దీనిని ఇంచుమించు రెండున్నర గంటలలో దాటును. ఉదయము సముద్రతీరమున సూర్యునకు అర్ఘ్యమిచ్చినవాడు సాయంకాలమునకు గంగాతీరమున నిలువగలడు.

ఏనుగుల వీరాస్వామయ్య ఇదే కాశికి 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరెను. ఆయన అచ్చటి సుప్రీముకోర్టులో దుబాసి. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశిని చేరి, పిదప గయను, కలకత్తాను, పూరీని చూచుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. యాత్రకు పట్టినది పదునైదు మాసములకు పైగా కాలము.

నాటికిని నేటికిని నడుమనున్న భూమి అంగుళమైనను కుంచించుకొనలేదు. తగ్గినది కాలము మాత్రమే. ఈ తగ్గుదలవలన మానవుడు పొందినదేమి, పోగొట్టుకొనినదేమి?

పూర్వకాలపు కష్టమునే పుణ్యమని పొగడుట సులభము. కాని అది సత్యము కాదు. వీరాస్వామయ్య పల్లకిలో పయనించెను. ఆ దూరమును పాదములతో కొలిచినవారు బోయీలు. మరణశయ్యపైనున్న తల్లిని సకాలమున చేరుకొనిన కుమారునకు విమానము దైవానుగ్రహమువలెనే తోచును. కావున వేగము పాపము కాదు, ఆలస్యము పుణ్యమును కాదు.

అయినను ఒక భేదము కలదు. వీరాస్వామయ్య తాను దాటిన ఊళ్లను, బాటలను, జనుల స్థితిగతులను వ్రాసి యుంచెను. అది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యెను. మజిలీ మజిలీకిని నీటిని, నీడను, బియ్యమును వెదకికొనవలసిన యాత్రికుడు ఆ ఊరిని ఎరుగక తప్పదు. అవసరమే ఆయనకు శ్రద్ధను నేర్పెను. విమానయాత్రికునకు ఆ అవసరము లేదు. ఆ గ్రామములన్నియు మేఘముల క్రింద మరుగుపడిపోవును. ఆయన వానిలో దేనికిని ఋణపడడు. అంతేకాదు, విమానము గంటసేపు ఆలస్యమైనచో ఆయన మనస్సు కలతచెందును. ప్రయాణకాలము తగ్గినకొలదిని ఓర్పును తగ్గినది.

ఇంతకంటె సూక్ష్మమైన హాని మరియొకటి కలదు. ఒక నగరమున కుమారుడు, వేరొక నగరమున వృద్ధుడైన తండ్రి నున్నారనుకొందము. “రెండున్నర గంటల దూరమే గదా, ఎప్పుడైనను పోవచ్చును” అని కుమారుడు తలచును. పోవుట సులభమగుటయే పోకుండుటకు కారణమగును. “ఎప్పుడైనను” అను మాట సంవత్సరములు గడచినకొలది “ఎన్నడును లేదు” అను అర్థమును పొందును. నాడు మార్గము కఠినము. బయలుదేరుటకు దృఢసంకల్పము కావలసియుండెను. నేడు మార్గము సుగమము, సంకల్పమే దుర్లభమైనది.

యంత్రము దేహమును మోయగలదు, సంకల్పమును మోయజాలదు. మిగిలిన కాలమైనను ఒక్కని సొత్తు కాదు. విమానమును నిర్మించినవారు, నడపువారు, రాత్రివేళ మేల్కొని దానిని పరీక్షించువారు, ఎందరో తమ శ్రమతో ఆ కాలమును యాత్రికునకు సమకూర్చిరి. పొందినదానిని మరల ఎవరికో ఒకరికి చెల్లించుట ధర్మము. రెండున్నర గంటలలో తండ్రిని చేరిన కుమారుడు, తిరుగు ప్రయాణపు వేళను మాటిమాటికి చూచుకొనక, ఒక పూట ఆయన చెంత నిశ్చింతగా కూర్చుండగలిగెనా? అట్లు కూర్చుండగలిగినచో దూరము నిజముగా తగ్గినది.