నీడనిచ్చినవాళ్ళకి కథ బాకీ ఉంటామా?

స్త్రీల ఆత్మకథల గురించి ఎన్నో సెమినార్లు జరిగాయి, ఎన్నో వ్యాసాలు వచ్చాయి. అయినా మన చర్చల్లోకి దాదాపుగా రాని ప్రక్రియ ఒకటుంది. అది చర్చిల్లో చెప్పే సాక్ష్యం. ‘ఒకప్పుడు నేనిలా ఉన్నాను, ప్రభువు నన్ను వెదికి పట్టుకున్నాడు, ఇవాళ ఇలా నిలబడ్డాను’ అనే మూడు మెట్ల కథ. ఆదివారం ఆరాధనల్లో, ఉజ్జీవ సభల్లో, మిషన్ల చిన్న పత్రికల్లో ఎంతోమంది స్త్రీలు ఈ కథ చెప్పారు, ఇంకా చెబుతున్నారు. పిహెచ్.డి. కోసం స్త్రీల ఆత్మకథలు చదివే రోజుల్లో ఈ సాక్ష్యాలు కూడా పోగుచేశాను. వాటిలో చాలా భాగం ఇల్లు పోగొట్టుకున్న ఆడవాళ్ళవే. భర్త తరిమేసినవాళ్ళు, విధవలై పుట్టింటికి బరువైనవాళ్ళు, తాగుడు అలవాటై అందరూ వదిలేసినవాళ్ళు, మతి చెదిరి ప్లాట్‌ఫారాల మీద తేలినవాళ్ళు.

చదువుతుంటే ఒక ప్రశ్న వదలకుండా వెంటపడింది. తిండీ, పడకా, మందులూ, దేవుడూ అన్నీ ఒకే చేతినుంచి అందినప్పుడు ఆ చేతికి ఆమె ఏం బాకీ పడుతుంది? కృతజ్ఞత సరే, తన కథ కూడానా?

2011 జనగణన దేశంలో ఇళ్ళు లేనివాళ్ళు 17 లక్షల 70 వేలకు పైగా ఉన్నారని లెక్క తేల్చింది. బంధువుల వసారాల్లో, పనిచేసే ఇంటి మెట్ల కింద రాత్రులు గడిపే ఆడవాళ్ళు ఇలాంటి లెక్కలకి సులువుగా అందరు. పైగా ఆడదానికి ఇల్లు పోవడమంటే కప్పు పోవడం ఒక్కటే కాదు. ఫలానావాడి భార్య, ఫలానావారి కూతురు అనే గుర్తింపు కూడా దాంతోపాటే పోతుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకి ఉందని మన చట్టం స్పష్టంగా చెప్పడానికి 2005 దాకా పట్టింది. అంతవరకూ, ఆ తర్వాత కూడా, ఆమెకి తెరుచుకున్న తలుపుల్లో చాలావాటి మీద ఏదో ఒక మతం గుర్తు ఉంది. అలాంటప్పుడు ఆమె విశ్వాసాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక అనగలమా? అనలేకపోతే అది వట్టి ఆశ్రయానికి చెల్లించిన మూల్యమేనా? రెండు జవాబులూ నాకు తొందరపాటుగానే కనిపిస్తాయి. అందుకే పండిత రమాబాయి దగ్గరికి వెళ్ళాను.

1858లో పుట్టిన రమాబాయికి చిన్నప్పుడు ఇల్లన్నది లేదు. పురాణం చెప్పుకుంటూ యాత్రాస్థలాలు తిరిగే కుటుంబం. 1870ల కరువులో తల్లీ తండ్రీ అక్కా ఒకరి తర్వాత ఒకరు పోయారు. అన్నతో కలిసి వేల మైళ్ళు నడిచి 1878లో కలకత్తా చేరింది. అక్కడి పండితులు ఆమెని ‘పండిత’, ‘సరస్వతి’ అన్నారు. 1880లో అన్న చనిపోయాడు, 1882లో భర్త. చంటిబిడ్డతో ఇంగ్లండ్ వెళ్ళి, 1883లో వాంటేజ్‌లో ఆంగ్లికన్ సన్యాసినుల ఆశ్రయంలో ఉంటూ బాప్తిస్మం తీసుకుంది.

ఆ తర్వాత నడిచిన ఉత్తరాలు ముఖ్యమైనవి. తమ నీడలో ఉన్న మనిషి తాము చెప్పినట్టు నమ్మాలని వాళ్ళు అనుకున్నారు. త్రిత్వం గురించి ఆమెకి సందేహాలున్నాయి. వాటిని దాచుకోలేదు. ఇండియాలో పురోహితుల కాడి కిందనుంచి ఎంతో కష్టపడి బయటపడ్డాననీ, ఇంకో కాడి కింద మెడ పెట్టననీ సిస్టర్ జెరాల్డిన్‌తో వాదించింది. విశేషమేమిటంటే ఆ ఉత్తరాలు పోగుచేసి ఉంచింది ఆ జెరాల్డినే. అవి 1977లో పుస్తకంగా వచ్చాయి. ఇంత ధిక్కారం చూపిన మనిషే 1907లో తన సాక్ష్యాన్ని కూడా రాసింది. కాబట్టి సాక్ష్యమంటేనే లొంగుబాటు అని తీర్మానించడానికి వీల్లేదు. విశ్వసించడమూ, విశ్వాసాన్ని అందించినవాళ్ళకి ఎదురు చెప్పడమూ ఒకే మనిషిలో కుదిరాయి.

తర్వాత రమాబాయి తానే నీడనిచ్చే స్థానంలోకి వచ్చింది. 1889లో బొంబాయిలో విధవల కోసం శారదా సదన్ తెరిచినప్పుడు మతబోధ ఉండదని మాటిచ్చింది. పూణేకి మారాక, ఆమె ప్రార్థనలో పిల్లలు కూచుంటున్నారని 1893లో పెద్ద గొడవైంది. చాలామంది పిల్లల్ని పెద్దవాళ్ళు తీసుకుపోయారు. అక్కడ చదివిన మొదటి విధవ గోదుబాయి మాత్రం హిందువుగానే ఉండి, ఆ ఏడే కర్వేని పెళ్ళాడి ఆనందీబాయి అయింది. మతం మారకుండా ఆ ఇంట్లో చదువుకోగలిగింది. 1896–97 కరువు తర్వాత కేడ్గావ్‌లోని ముక్తి సదన్ సంగతి వేరు. వందల మంది ఆడపిల్లలు ఆకలితో వచ్చారు. ఆ ఆవరణ బాహాటంగా క్రైస్తవమైంది. సంస్కృతం చదివి వాదించగల రమాబాయి తీసుకున్న బాప్తిస్మమూ, చేతిలో ఖాళీ గిన్నెతో వచ్చిన పిల్ల తీసుకున్న బాప్తిస్మమూ ఒకటేనా? వాంటేజ్‌లో తనకోసం రమాబాయి అడిగిన ప్రశ్నని కేడ్గావ్‌లో ఆ పిల్ల తరఫున మనం అడగాలి.

ఇల్లు పోవడానికి తాగుడు తోడైన చోట ఈ ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలోంచి పుట్టింది. మద్యం ముందు నేను అశక్తుడినని ఒప్పుకోవడం అందులో మొదటి మెట్టు. 1939లో వచ్చిన వాళ్ళ పుస్తకంలో భార్యలకి ఉద్దేశించిన అధ్యాయం ఉంది. భార్యల గొంతుతో ఉన్న ఆ అధ్యాయాన్ని రాసింది సంస్థాపకుల్లో ఒకడైన బిల్ విల్సన్. 1976లో జీన్ కిర్క్‌పాట్రిక్ స్త్రీల కోసం వేరే సంఘం పెట్టింది. పుట్టినప్పటినుంచి అశక్తురాలివని వింటూ పెరిగిన ఆడదానికి మళ్ళీ అదే మాట మందు కాదని ఆమె వాదన. ఈ విమర్శతో నేను ఏకీభవిస్తాను. అయితే ఆ గదుల్లో ఒక మంచి పద్ధతి ఉంది. అక్కడ కథ వినేది అదే బాధ పడ్డవాళ్ళు. ఇంటిపేరు అక్కర్లేదు, ఫొటో ఉండదు, చందాలిచ్చే పెద్దలు ముందు వరసలో కూచోరు.

నాష్‌విల్‌లో బెక్కా స్టీవెన్స్ అనే ఎపిస్కోపల్ మతగురువు 1997లో మొదలుపెట్టిన ఇళ్ళు ఇక్కడ గుర్తొస్తాయి. వ్యభిచార వ్యాపారంలోంచి, మత్తుమందుల్లోంచి బయటపడిన స్త్రీలకి అవి రెండేళ్ళ పాటు ఉచితం. ఆ ఇళ్ళలో కాపలాకి సిబ్బంది ఉండరు, తాళాలు ఉండేవాళ్ళ దగ్గరే. 2001నుంచి వాళ్ళు కొవ్వొత్తులూ, నూనెలూ తయారుచేసి అమ్ముతున్నారు. ఆ సరుకుతోపాటు వాళ్ళ కథలు కూడా అమ్ముడవుతున్నాయన్న అనుమానం నాకుంది. అయినా ప్రార్థన ఉన్న చోట కూడా తాళం ఆమె చేతిలో ఉండొచ్చని వాళ్ళు చేసి చూపించారు.

హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒకామె అలాంటి క్రైస్తవ ఆశ్రమంలో కోలుకుంది. తాగుడు మానింది. ఇప్పుడు సొంత సంపాదన, అద్దె గది. ఆదివారం గుడి తప్పదు. కానీ ఏటా జరిగే వార్షికోత్సవంలో సాక్ష్యం చెప్పడం మానేసింది. ‘ఇంత చేస్తే...’ అని వాళ్ళు నొచ్చుకున్నారట. “దేవుడికి అన్నీ తెలుసు కదమ్మా, ప్రతి యేడూ మైకులో చెప్తేనే తెలుస్తుందా?” అంది నాతో. కాసేపాగి, “మీరైతే ఏం రాస్తారు నా గురించి?” అని అడిగింది. ఆ ప్రశ్న ఆశ్రమానికెంత వర్తిస్తుందో పరిశోధకులకీ అంతే వర్తిస్తుంది. ఆమె ఊరూ, వయసూ, పడ్డ కష్టాలూ ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

స్త్రీవాదులం కాబట్టి మనం ఇలాంటి విశ్వాసాన్ని అనుమానంగా చూస్తాం. మతసంస్థల్లోని పితృస్వామ్యం తెలిసినవాళ్ళం, ఆ అనుమానం న్యాయమే. కానీ ‘నీ నమ్మకం నీది కాదు, నీ నిస్సహాయతది’ అని ఆమెకి చెప్పడం కూడా ఆమె కథని లాక్కోవడమే. ఆమె మనసులోకి తొంగిచూసే బదులు ఆ ఇంటిని పరీక్షించాలి. ప్రార్థనకి రానన్న రోజున అన్నం పెడతారా? తాళం ఎవరి దగ్గరుంది? ఆమె కథ ఎవరి ముందు చెబుతోంది, ఇక చెప్పనంటే ఊరుకుంటారా?

ముందు షరతుల్లేకుండా ఇల్లివ్వాలి, మిగతా సాయం తర్వాత అనే పద్ధతిని 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ మొదలుపెట్టాడు. 2025 జులైలో అమెరికా ప్రభుత్వం ఆ విధానానికి మద్దతు మానుకుంటూ ఉత్తర్వు ఇచ్చింది. ఇల్లు మళ్ళీ మంచి నడవడికి బహుమానం అవుతోంది. ఇది విశ్వాసులకే ఎక్కువ నష్టమని నాకనిపిస్తుంది. ఇల్లు హక్కుగా దొరికినప్పుడే, ఆమె మోకరించినా మోకరించకపోయినా అది పడక కోసం కాదని ఆమెకీ తెలుస్తుంది, మనకీ తెలుస్తుంది. అప్పుడామె సాక్ష్యం చెబితే వినాలి. చెప్పకపోతే అడగకూడదు.