ఎయిర్ రైఫిల్ కొనేముందు

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం వెళ్లిపోతుండగా, వరంగల్ మండి బజారు వైపు నివసించే ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. సలాం చేసి, కొంచెం మొహమాటపడుతూ సెల్‌ఫోను తీసి రెండు ఎయిర్ రైఫిళ్ల బొమ్మలు చూపించాడు. "మౌలానా సాబ్! ఈ రెంటిలో ఏది తీసుకోమంటారు? నర్సంపేట అవతల మా నానీ వాళ్ల ఊరుంది. అక్కడ గువ్వలు, కౌజు పిట్టలు బాగా ఉంటాయి. సెలవు రోజుల్లో వేట, మిగతా రోజుల్లో మిద్దె మీద గురి నేర్చుకోవడం. రెంటికీ పనికొచ్చేది కావాలి" అన్నాడు.

మా దగ్గరకు తలాక్ గురించి, ఆస్తి పంపకాల గురించి, బ్యాంకు వడ్డీ గురించి అడగడానికి వస్తారు. తుపాకి ఎంపిక గురించి అడిగినవాడు ఇతనొక్కడే. అయినా ఇది మౌల్వీలకు సంబంధం లేని ప్రశ్నేమీ కాదు. ధర్మశాస్త్ర గ్రంథాల్లో వేటకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మదర్సాలో అది చదివే రోజుల్లో "పట్నంలో బతికేవాడికి ఇదెందుకు?" అని మేము గుసగుసలాడుకునేవాళ్లం. ఆ పాఠం ఎందుకో ఇన్నేళ్లకు అర్థమైంది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. వేట నిషిద్ధం కాదు. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో శిక్షణ పొందిన జంతువులు పట్టి తెచ్చిన వేటను తినడానికి అనుమతి ఉంది. తయ్ తెగకు చెందిన హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) స్వయంగా వేటగాడు. కుక్క గురించి, బాణం గురించి, ఈకలు లేని బరువైన కర్ర బాణం గురించి ఆయన దైవప్రవక్త (స)ను ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నారు. ఆ కర్ర బాణం విషయంలో వచ్చిన సమాధానం సారాంశం ఇది: దాని మొన గుచ్చుకుని జంతువు చస్తే తినవచ్చు, అడ్డంగా తగిలి ఆ దెబ్బకు చస్తే తినకూడదు. దెబ్బకు చచ్చినదాన్ని ఖుర్ఆన్ 'మౌఖూజా' అన్నది, నిషిద్ధాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఎయిర్ రైఫిల్ గుండు సంగతి చూడండి. అది మెత్తని సీసం. మామూలుగా బరువు అర గ్రాము. ముందు భాగం గుండ్రంగానో, చదునుగానో ఉంటుంది. అందులో మందుగుండు లేదు, నెట్టేది గాలి ఒక్కటే. మామూలు తుపాకి గుండుకు చచ్చిన జంతువును సైతం ప్రాణం ఉండగా జబహ్ చేయకపోతే హలాల్ కాదని మన దేశపు హనఫీ పండితులలో అత్యధికులు తీర్పు చెప్పారు. యమన్‌కు చెందిన ఇమామ్ షౌకానీ వంటివారు, గుండు చీల్చుకుని పోతుంది కాబట్టి బిస్మిల్లాహ్ చెప్పి పేల్చితే అది బాణం వంటిదేనన్నారు. ఈ భేదాభిప్రాయాన్ని మేము గౌరవిస్తాం. కానీ మొండి ముక్కు ఉన్న ఈ చిన్న సీసపు గుండును బాణంతో పోల్చడానికి మాకు ధైర్యం చాలదు.

ఇది విని ఆ యువకుడు "అయితే పరుగెత్తి వెళ్లి, ప్రాణం ఉండగానే జబహ్ చేసేస్తాను" అన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం అతని మాట సరైనదే. కానీ మాకు మా గతం ఒకటి గుర్తుకొచ్చింది. అతనికి చెప్పాం, పాఠకులకూ చెబుతున్నాం.

మాకు పన్నెండేళ్ల వయసులో పాకాల చెరువు దగ్గరకు బంధువులతో వెళ్లాం. కాకతీయ గణపతిదేవుని కాలంలో కొండల నడుమ కట్టిన ఆ చెరువు, చుట్టూ అడవి. మా చేతిలో గులేరు ఉంది. తుమ్మ కొమ్మ మీద ఉన్న ఒక గువ్వను కొట్టాం. రాయి తగిలింది. ఈకలు రాలాయి. గువ్వ మాత్రం కింద పడలేదు. ఒక రెక్క వేలాడేసుకుని ముళ్ల పొదల్లోకి జారిపోయింది. మేము చాలాసేపు వెదికాం. అది కదులుతున్న చప్పుడు వినిపించేది, కనిపించేది కాదు. తర్వాత అస్ర్ వేళయింది, పెద్దలు పిలిచారు, వెళ్లిపోయాం. ఆ రాత్రి వర్షం పడింది. ఆ పొదల్లో అది ఎన్ని గంటలు బతికిందో మాకు తెలియదు. దాన్ని తినలేదు, అమ్మలేదు. అది ఎవరికీ హాని చేసింది కాదు. అకారణంగా చంపబడ్డ పిచ్చుక ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో ఫిర్యాదు చేస్తుందన్న హదీసును మదర్సాలో చదివిన రోజున ఆ చప్పుడు మళ్లీ వినిపించింది.

ఎయిర్ రైఫిల్‌తో వేటాడేవారికి ఎదురయ్యే అసలు సమస్య ఇదే. వెంటనే ప్రాణం తీయాలంటే వేలెడంత చోట గుండు తగలాలి. గాలి వీస్తుంది, కొమ్మ ఊగుతుంది, పిట్ట తల తిప్పుతుంది. వేలి గోరంత తప్పితే రెక్క విరుగుతుంది, లేదా పొట్టలో సీసం మిగులుతుంది. పిట్ట ఎగిరిపోతే వేటగాడు "తప్పిపోయింది" అనుకుంటాడు. అది తప్పిపోలేదు. సాయంత్రానికి ఏ చేను గట్టునో చస్తుంది. జబహ్ చేసేటప్పుడు కత్తిని పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. గొంతు దగ్గర పెట్టే కత్తికే ఇంత నియమం ఉంటే, ముప్పై గజాల నుంచి పంపే గుండుకు నియమం లేదా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముగఫ్ఫల్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఈ విషయంలో మాకు మార్గం చూపింది. ఒక బంధువు వేళ్ల మధ్య గులకరాయి పెట్టి విసరడం ఆయన చూశారు. అలా చేయవద్దన్నారు. దైవప్రవక్త (స) దాన్ని వారించారని, అది వేటను చంపదు, శత్రువును గాయపరచదు, కానీ పన్ను విరగ్గొడుతుంది, కన్ను పోగొడుతుంది అని తెలిపారని గుర్తు చేశారు. ఆ వ్యక్తి మళ్లీ విసిరితే ఆయన అతనితో మాట్లాడనన్నారు. వేటకు చాలనంత బలహీనం, ఆటకు మించినంత బలం. ఎయిర్ రైఫిల్‌కు ఇంతకంటే సరిపోయే వర్ణన మాకు తోచలేదు.

ఇక ప్రభుత్వ చట్టం. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి గల ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి వేటకూ అడ్డు లేదని చాలామంది పొరబడుతున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా ఆగిపోయింది. గువ్వలు, కౌజులు ఆ చట్టం రక్షణలో ఉన్నాయి. గాయపరచడమే కాదు, ప్రయత్నించడమూ వేట కిందికే వస్తుంది. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పాకాల అభయారణ్యం పరిధిలో తుపాకి పట్టుకుని తిరగడమే నేరం. మనకు అనుమతి ఉన్న పనిని, విధి కాని పనిని, దేశ చట్టం ఆపినప్పుడు దాన్ని గౌరవించడం మనం ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడమే.

అతను వెంటనే ఒప్పుకోలేదు. అడిగిన రెండు ప్రశ్నలూ గట్టివే. మొదటిది: "రోజూ కోళ్లు కోస్తున్నాం కదా, గువ్వకు ఎందుకింత విచారం?" నిజమే. మేమూ మాంసం తింటాం, మాకు దానిలో సంకోచం లేదు. అయితే కోడి కోసేవాడు ఆకలి తీర్చడానికి కోస్తాడు, అల్లాహ్ పేరు చెబుతాడు, చేతిలోని ప్రాణానికి బాధ్యత వహిస్తాడు. సరదాగా కాల్చేవాడికి గువ్వ తిండి కాదు, అట్టముక్క వంటిది. ఒక కోడిని కట్టేసి బాణాలు వేస్తున్న యువకులు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)ను చూసి చెదిరిపోయారు. ప్రాణమున్నదాన్ని గురిగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన చెప్పారు. ఆ కోడిని వాళ్లు తర్వాత తిన్నారా లేదా అని ఆయన అడగలేదు.

రెండో ప్రశ్న అతని తాతది. "మా తాత నిజాం కాలంలో పాకాలలో వేటాడేవారట. ఆయన పాపం చేశారా?" మేము అలా అనం. ఆయన కాలంలో అడవి వేరు, ఆకలి వేరు, చట్టం వేరు. తాతను నిందించకుండానే మనవడు వేరే దారి పట్టవచ్చు. మాయిదా సూరాలోనే మరో మాట ఉంది. ఇహ్రామ్‌లో ఉన్న విశ్వాసులను, చేతులకూ ఈటెలకూ అందేంత దగ్గరకు వేట వచ్చేలా చేసి అల్లాహ్ పరీక్షిస్తానన్నాడు. దొరకని దాన్ని వదలడం పరీక్ష కాదు. కరెంటు తీగ మీద వరుసగా గువ్వలు కూర్చుని ఉన్నాయి, చేతిలో గుండు నింపిన రైఫిల్ ఉంది, చూసేవాడు లేడు. మేము ఇహ్రామ్‌లో లేం. అయినా ఆ ఆయతును చదివినప్పుడల్లా ఈ దృశ్యమే కళ్ల ముందుకొస్తుంది.

కోతుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో కోతుల బెడదకు కొందరు ఎయిర్ గన్ కొంటున్నారు. పంట నష్టం చిన్న విషయం కాదు. హాని తొలగించుకోవడానికి ధర్మం అనుమతిస్తుంది. చప్పుడుతో బెదిరించడం వేరు, పిల్లను మోసే తల్లి పొట్టలో సీసం దించడం వేరు. హాని చేసే పిల్లి విషయంలోనూ కొట్టి హింసించరాదని, తప్పనిసరైతే పదునైన కత్తితో జబహ్ చేయాలని మన ఫుఖహాలు రాశారు.

అయితే రైఫిల్ వద్దా? వద్దని మేము అనలేదు. గురి నేర్చుకోవడం మన ధర్మంలో ప్రోత్సహించబడిన విద్య. అస్లమ్ తెగవారు బాణాల పోటీలో ఉండగా దైవప్రవక్త (స) అటు వచ్చి, వాళ్ల తాత ఇస్మాయీల్ (అలై) విలుకాడని చెప్పి ఒక పక్షం చేరారు. రెండో పక్షం చేతులు ఆపేసింది, ఆయనకు ఎదురుగా ఎలా వేస్తామని. అప్పుడాయన తాను అందరితోనూ ఉన్నానన్నారు. ఇది ప్రాణం తీసే పోటీ కాదు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. అక్కడ నడి మధ్యన పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. శ్వాస ఆపి, గుండె దడ మధ్యలో వేలు కదపాలి. కోపంతో, తొందరతో ఉన్నవాడికి అది అందదు.

గురి కోసమైతే ఎంపిక సులువవుతుంది. సెకనుకు వెయ్యి అడుగులంటూ దుకాణదారుడు చెప్పే వేగం పట్టించుకోనక్కర్లేదు. అంత బలమైన స్ప్రింగు తుపాకి ముందుకీ వెనక్కీ అదురుతుంది, కొత్తవాడి గురిని పాడుచేస్తుంది. పోటీ రైఫిళ్లు ఏడు జౌళ్ల చుట్టుపక్కలే ఉంటాయి. తక్కువ శక్తి, తేలికగా నొక్కబడే గుర్రం, భుజానికి సరిపోయే కట్టె చాలు. చదును ముక్కు గుండ్లు కాగితంలో శుభ్రమైన రంధ్రం చేస్తాయి. స్ప్రింగు తుపాకిని గుండు లేకుండా పేల్చితే లోపలి భాగం పాడవుతుంది. సీసం విషం, తాకిన తర్వాత చేతులు కడగకుండా అన్నం తినకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి, గట్టి గోడకు తగిలిన గుండు వెనక్కి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, గురి వెనక ఏముందో చూడాలి. మండి బజారు మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక మిద్దెన బట్టలారేస్తారు, మరో మిద్దెన పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. గుండు వందల గజాలు పోగలదు. మస్జిదులో, బజారులో బాణాలతో నడిచేవాడు మొనలను చేతితో పట్టుకోవాలని ఆదేశించిన దైవప్రవక్త (స) ఈ మిద్దెను చూస్తే ఏమంటారో ఊహించుకోవాలి. పాత దుప్పట్లు కుక్కిన చెక్క పెట్టె, దాని వెనక ఇటుక గోడ ఉండాలి. అది కుదరకపోతే శిక్షణ ఇచ్చే రేంజికి వెళ్లడమే మేలు.

ఆ యువకుడు రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. చేతిలో ఒక గురి కాగితం, దాని మీద పదో పన్నెండో రంధ్రాలు, రెండు మూడు మధ్యకు దగ్గరగా ఉన్నాయి. మిద్దె మీద కాదు, నానీ వాళ్ల ఊళ్లో పశువుల కొట్టం వెనక మట్టి గోడ దగ్గర కాల్చాడట. "గువ్వలు?" అని అడిగాం. తల వంచుకుని నవ్వాడు. ఒకసారి రైఫిల్ ఎత్తాడట, తర్వాత దించేశాడట. ఎందుకు దించావని మేము అడగలేదు, అతనూ చెప్పలేదు. తొమ్మిదేళ్ల తమ్ముడు కూడా నేర్పమంటున్నాడని మాత్రం అన్నాడు. "తుపాకి పెట్టిన అల్మారా తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది బేటా?" అన్నాం. "అమ్మీ దగ్గర, మౌలానా సాబ్" అన్నాడు.