రెక్కల క్రింది చోటు



ఈ నెల ధ్యానమునకు మత్తయి సువార్త 23వ అధ్యాయము 37వ వచనము తీసికొనుడి. ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయములో దేవుని కాపుదలకు పక్షిరాజు పోలికగా నున్నది. మన ప్రభువు యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు దొడ్డిలో తిరుగు కోడిపెట్టను తలంచెను. ఈ పోలిక పండితులకంటె మన పల్లెటూరి తల్లులకే త్వరగా బోధపడునని మా తలంపు.

నాటుపెట్ట, అందులోను అసీలు పెట్ట, గ్రుడ్లు తక్కువే పెట్టును. పొదుగుటలో మాత్రము దానికి సాటి లేదు. గంపలో గడ్డి పరచి పది పన్నెండు గ్రుడ్లు అమర్చినయెడల 21 దినములు దానిమీదనే యుండును. దినమునకొకసారి లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు త్రాగి, గ్రుడ్లు చల్లారకమునుపే తిరిగి వచ్చును. ముక్కుతో గ్రుడ్లను త్రిప్పుచుండును. ఒంటి వేడి తగులునట్లు రొమ్ము ఈకలు రాలిపోవును. ఆ మూడు వారములలో అది ఎంత చిక్కిపోవునో మీరు చూచినదే.

ఇంతకు ఆ గ్రుడ్లు ఎవరివి? హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థవారు వృద్ధిచేసిన వనరాజా కోళ్లు పెరటిలో బాగుగానే పెరుగును గాని పొదుగుకు కూర్చుండవు. వాటి గ్రుడ్లను నాటుపెట్ట క్రిందనే పెట్టుచున్నాము. బాతుగ్రుడ్లు పెట్టినను 28 దినములు ఓపికతో పొదుగును. ఆ పిల్లలు చెరువులో దిగినప్పుడు గట్టున నిలిచి అది పడు ఆరాటమును చూచి మనము నవ్వుదుము. నవ్వదగిన సంగతి కాదది.

అయితే పరాయి పిల్లలను పట్టపగలు తెచ్చి దానియెదుట వదలరాదు, పొడిచి చంపవచ్చును. తన పిల్లలు ఒకటి రెండు దినములవై యుండగానే, రాత్రివేళ, రెక్క క్రిందికి మెల్లగా చేర్చవలెను. తెల్లవారునప్పటికి అన్నియు దానివే.

గద్ద నీడ పడగానే పెట్ట కూతవేసి పిలుచును. వచ్చినవాటిని కప్పును. రాని పిల్లను పట్టి తెచ్చుటకు దానికి చేతులు లేవు. ప్రభువు దుఃఖము ఇక్కడనే యున్నది. ఆయన రెక్కల క్రింద చోటు చాలకపోలేదు, పిల్లలే రామనిరి.

మన సంఘములో ఈ సంవత్సరము తల్లిని పోగొట్టుకొనిన యిద్దరు పిల్లలు అవ్వయొద్ద నున్నారు. అవ్వకు చూపు తగ్గినది. మా పిల్లలకే చాలుట లేదని కొందరనగా విన్నాము. అది అబద్ధము కాదు, బియ్యము వెల మనకందరకు తెలియును. అయినను ఇది నాది, అది పొరుగువారిదని పెట్ట గ్రుడ్లను వేరుచేయుట మనలో ఎవరును చూడలేదు. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత సంఘపెద్దలు కూర్చుందురు. పిల్లలను అక్కడికి పిలువము, నలుగురిలో నిలువబెట్టి మాటలాడము. ఎవరి యింట చోటున్నదో వారు ఆ రాత్రి దీపాలవేళ దాటిన తరువాత అవ్వ యింటికి రండి. మేమును అక్కడనే యుందుము.